రిచర్డ్ అటెన్‌బరో నట, దర్శక జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా గాంధీ జయంతికో వర్ధంతికో 'గాంధీ' సినిమా చూసినవారు దాని దర్శకుడి గురించి దాదాపు అవే సందేహాలు అడుగుతుంటారు. మన ప్రేక్షకుల్లో చాలామందికి రిచర్డ్ అటెన్‌బరో అంటే ఆ ఒక్క చిత్ర దర్శకుడు, లేదంటే 'జురాసిక్ పార్క్'లో కనిపించే తెల్లగడ్డం పెద్దాయన. 'గాంధీ' విడుదలయ్యే నాటికే ఆయన వెనుక నలభై ఏళ్ల నట జీవితం ఉంది. అది తెలియకపోతే దర్శకుడిగా ఆయన సగమే అర్థమవుతారని నా అభిప్రాయం. ప్రశ్నలను ఆయన జీవిత దశలను బట్టి పేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు.

## బాల్యం, చదువు

'గాంధీ' తీసిన అటెన్‌బరో, జంతువుల డాక్యుమెంటరీలు చేసే అటెన్‌బరో ఒక్కరేనా?

కాదు, వారిద్దరూ అన్నదమ్ములు. 'గాంధీ' దర్శకుడు రిచర్డ్ పెద్దవారు. 1923 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జన్మించారు. ప్రకృతి, వన్యప్రాణుల కార్యక్రమాలతో ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న డేవిడ్ ఆయన కంటే మూడేళ్లు చిన్న. అందరికంటే చిన్నవాడైన జాన్ మోటారు వాహనాల వ్యాపారంలో స్థిరపడ్డారు.

ఆయనది సినిమా కుటుంబమా? నటనలోకి ఎలా వచ్చారు?

ఆ ఇంట్లో సినిమావాళ్లెవరూ లేరు. తండ్రి ఫ్రెడరిక్ అధ్యాపకుడు; 1932లో లెస్టర్‌లోని యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ కావడంతో కుటుంబం ఆ కాలేజీ ఆవరణలోనే ఉండేది. ముగ్గురు కొడుకుల్లో చదువు మీద తక్కువ శ్రద్ధ, నాటకాల మీద ఎక్కువ ఇష్టం ఉన్నవాడు రిచర్డ్. అయినా తండ్రి అడ్డు చెప్పలేదు. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో స్కాలర్‌షిప్ దొరకడంతో 1940లో అక్కడ చేరారు. సహ విద్యార్థిని, నటి షీలా సిమ్‌ను 1945 జనవరిలో వివాహం చేసుకున్నారు. దాదాపు డెబ్బై ఏళ్లు వారు కలిసి జీవించారు.

వాళ్లింట్లో యూదు అమ్మాయిలను పెంచారని విన్నాం. నిజమేనా?

నిజమే. 1939లో నాజీల జర్మనీ నుంచి బయటపడి, అమెరికాలోని బంధువుల దగ్గరికి వెళ్లేందుకు ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇంగ్లండ్ చేరుకున్నారు. ఆ మజిలీలో వారికి ఆశ్రయమిచ్చింది రిచర్డ్ తల్లిదండ్రులైన అటెన్‌బరో దంపతులే. అంతలోనే యుద్ధం మొదలై ప్రయాణం ఆగిపోయింది. అప్పుడు ఆ దంపతులు కొడుకులు ముగ్గురినీ పిలిచి, వీరిని మీ చెల్లెళ్లుగా ఇంట్లోనే ఉంచుకుందామా అని అడిగి, పిల్లల సమ్మతితోనే ఆ నిర్ణయం తీసుకున్నారు. వర్ణవివక్ష, వలస పాలన, యుద్ధం వంటి విషయాలనే ఆయన జీవితాంతం ఎందుకు ఎంచుకున్నారో అడిగేవారికి నేను మొదట చెప్పేది ఈ సంగతే.

## నటుడిగా

మొదటి సినిమాలో ఆయన పేరు ఎందుకు కనిపించదు?

1942లో వచ్చిన 'ఇన్ విచ్ వుయ్ సర్వ్' ఆయన తొలి చిత్రం. నోయెల్ కవర్డ్, డేవిడ్ లీన్ కలిసి దర్శకత్వం వహించిన ఈ యుద్ధ చిత్రంలో, కాల్పుల మధ్య భయంతో తన స్థానం వదిలి పారిపోయే యువ నావికుడి పాత్ర ఆయనది. తెర మీద వేసిన పేర్లలో ఆయన పేరు లేకుండా పోయింది. పేరు లేకపోయినా ముఖం గుర్తుండిపోయింది. అయితే ఆ పాత్ర ఎంత బాగా కుదిరిందంటే, చాలా ఏళ్ల పాటు ఆయనకు అలాంటి పిరికి, బలహీన యువకుల పాత్రలే వచ్చాయి.

యుద్ధ చిత్రాల్లో అంతగా నటించారు కదా, నిజంగా యుద్ధంలో పనిచేశారా?

పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పైలట్ శిక్షణ పొందుతుండగా ఆయనను ఆ దళపు చలనచిత్ర విభాగానికి పంపారు. జాన్ బౌల్టింగ్ దర్శకత్వంలో అక్కడ తయారైన 'జర్నీ టుగెదర్' 1945లో విడుదలైంది. ఆ తర్వాత ఆయన స్వచ్ఛందంగా బాంబర్ విమానాల తోక భాగంలో కెమెరాతో కూర్చుని, యూరప్ మీద జరిగిన దాడుల ఫలితాలను చిత్రీకరించారు. ఆ ప్రయాణాల వల్ల ఆయన వినికిడికి శాశ్వతంగా నష్టం కలిగింది.

'బ్రైటన్ రాక్' పేరు ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటారు?

ఎందుకంటే పసివాడి ముఖంతో అంతటి క్రౌర్యాన్ని బ్రిటిష్ తెర అంతకుముందు పెద్దగా చూడలేదు. గ్రాహం గ్రీన్ నవల ఆధారంగా 1947లో వచ్చిన ఈ చిత్రంలో పింకీ బ్రౌన్ అనే పదిహేడేళ్ల రౌడీ ముఠా నాయకుడిగా ఆయన నటించారు. 1943లో లండన్ గ్యారిక్ థియేటర్‌లో ఇదే పాత్రను రంగస్థలం మీద వేసిన అనుభవం ఉండటంతో, కెమెరా ముందు ఆయనకు ఎక్కడా తడబాటు లేదు. సముద్రపు రేవు మీద ఒక చిన్న గదిలో, డబ్బులు వేస్తే గొంతు రికార్డు చేసే యంత్రం ఉంటుంది. పింకీ భార్య గాజు తలుపు అవతల నిలబడి తన కోసం ప్రేమగా ఏదో చెబుతున్నాడని మురిసిపోతుంటే, లోపల అతడు ఆమెను ఎంతగా అసహ్యించుకుంటున్నాడో తాపీగా రికార్డు చేస్తాడు. గొంతు పెంచడు, ముఖం చిట్లించడు. నటన నేర్చుకునేవారు ఈ ఒక్క సన్నివేశాన్ని పదిసార్లు చూసినా తప్పులేదు.

'మౌస్‌ట్రాప్' నాటకంతో ఆయనకేం సంబంధం? అందులో వాటా అమ్ముకున్నారట?

అగాథా క్రిస్టీ రాసిన 'మౌస్‌ట్రాప్' 1952 నవంబరు 25న లండన్‌లో ప్రదర్శన మొదలుపెట్టి, ప్రపంచంలోనే అత్యధిక కాలం నడిచిన నాటకంగా నిలిచింది. అందులోని డిటెక్టివ్ సార్జంట్ ట్రాటర్ పాత్రను మొదట వేసింది అటెన్‌బరోయే. షీలా సిమ్ కూడా ఆ తొలి తారాగణంలో ఉన్నారు. వారి పారితోషికంలో కొంత భాగం లాభాల్లో పది శాతం వాటా రూపంలో ఉండేది. నాటకం దశాబ్దాల పాటు నడవడంతో అది తరగని ఆస్తి అయింది. అందులో కొంత ఆయన ఒక రెస్టారెంట్ పెట్టడానికి అమ్ముకున్నారు, అది ఎంతోకాలం నిలవలేదు. మిగిలినది 'గాంధీ' చిత్రాన్ని నిలబెట్టడానికి అమ్మేశారు. కాళ్ల కింద నేలను అమ్ముకుని సినిమా తీయడమంటే ఇదే.

నటుడిగా ఆయన సినిమాల్లో ముందు ఏవి చూడాలి?

చాలామంది 1963 నాటి 'ది గ్రేట్ ఎస్కేప్'తో మొదలుపెడతారు. అందులో జర్మన్ శిబిరం నుంచి యుద్ధఖైదీలు సొరంగాలు తవ్వి తప్పించుకునే పథకానికి సూత్రధారి అయిన రోజర్ బార్ట్‌లెట్ పాత్ర ఆయనది. హాలీవుడ్‌లో ఆయనకు గుర్తింపు తెచ్చింది అదే. కానీ ఆయన ప్రతిభ అసలు ఎంతటిదో తెలియాలంటే మరో రెండు చిత్రాలు చూడాలి.

మొదటిది 1964లో వచ్చిన 'సియాన్స్ ఆన్ ఎ వెట్ ఆఫ్టర్‌నూన్'. ఆత్మలతో మాట్లాడతానని నమ్మే భార్య తన శక్తిని లోకానికి చాటుకోవడానికి ఒక పాపను అపహరించాలని పథకం వేస్తుంది. అది తప్పని తెలిసినా ఆమెను కాదనలేక ఆ పని చేసే భర్తగా అటెన్‌బరో కనిపిస్తారు. భార్య మాట్లాడుతున్నంత సేపూ ఆయన మౌనంగా వింటుంటారు. ఆ వినడంలోనే ప్రేమ, భయం, జాలి మూడూ తెలుస్తుంటాయి.

రెండోది 1971 నాటి '10 రిల్లింగ్టన్ ప్లేస్'. లండన్‌లో స్త్రీలను వరుసగా హత్య చేసిన జాన్ క్రిస్టీ అనే వాస్తవ వ్యక్తి పాత్ర అది. అతడు ఉండే ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉన్న టిమొతీ ఇవాన్స్‌ను 1950లో ఉరితీశారు, అసలు హంతకుడు ఆ తర్వాతే దొరికాడు. బట్టతల, కళ్లజోడు, గుసగుసలాడుతున్నట్టుండే మెత్తని గొంతు: ఎవరికీ అనుమానం రాని పొరుగింటి మనిషిగా ఆయన కప్పులో టీ పోస్తుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. నా దృష్టిలో ఆయన నటనలో శిఖరం ఇదే.

నటుడిగా ఆయనకు ఆస్కార్ వచ్చిందా?

రాలేదు, నటనకు ఒక్క నామినేషన్ కూడా దక్కలేదు. అయితే 'సియాన్స్ ఆన్ ఎ వెట్ ఆఫ్టర్‌నూన్', 'గన్స్ ఎట్ బటాసీ' చిత్రాలకు కలిపి ఉత్తమ బ్రిటిష్ నటుడిగా బాఫ్టా (బ్రిటిష్ ఫిల్మ్ అకాడమీ) పురస్కారం లభించింది. 'ది శాండ్ పెబల్స్', 'డాక్టర్ డూలిటిల్' చిత్రాలకు వరుసగా రెండేళ్లు ఉత్తమ సహాయ నటుడిగా గోల్డెన్ గ్లోబ్ అందుకున్నారు.

సత్యజిత్ రాయ్ సినిమాలో నటించారని అంటారు. ఏది?

1977లో వచ్చిన 'షత్రంజ్ కే ఖిలాడీ'. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా రాయ్ తీసిన ఈ చిత్రం 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకున్న కాలానికి చెందినది. నవాబు వాజిద్ అలీ షాగా అంజద్ ఖాన్, ఆయన చేత రాజ్యం వదిలించే కంపెనీ అధికారి జనరల్ ఔట్రమ్‌గా అటెన్‌బరో నటించారు. తాను చేస్తున్నది అన్యాయమని లోలోపల ఎరిగి, అయినా పై ఉత్తర్వులను అమలు చేసే అధికారి ఇబ్బందిని ఆయన ఎంతో నిగ్రహంతో పలికించారు. ఔట్రమ్‌ను ఉత్త దుర్మార్గుడిగా చూపడం తేలిక. ఆ తేలిక దారి రాయ్‌కీ అక్కర్లేదు, అటెన్‌బరోకీ అక్కర్లేదు.

## నిర్మాణం, తొలి దర్శకత్వం

నటుడిగా బాగానే సాగుతుండగా నిర్మాతగా ఎందుకు మారారు?

1950ల చివరికి మూసపాత్రలతో ఆయన విసిగిపోయారు. తమకు నచ్చిన కథలను తామే తీయాలని నటుడు, రచయిత బ్రయన్ ఫోర్బ్స్‌తో కలిసి బీవర్ ఫిల్మ్స్ సంస్థ పెట్టారు. 1960లో వచ్చిన 'ది యాంగ్రీ సైలెన్స్' దాని తొలి చిత్రం. సమ్మెలో చేరనన్న కార్మికుడిని తోటివారంతా మాట్లాడకుండా వెలివేసే కథ ఇది. బడ్జెట్ చాలక, నటులు మామూలుగా తీసుకునే పారితోషికాన్ని వదులుకుని పనిచేశారు. ఆ కార్మికుడి పాత్ర అటెన్‌బరోయే వేశారు. 1961లో ఫోర్బ్స్ తొలిసారి దర్శకత్వం వహించిన 'విజిల్ డౌన్ ద విండ్'కు అటెన్‌బరో నిర్మాత. చేతిలో డబ్బు లేకుండా, పదిమందిని ఒప్పించి సినిమా పూర్తిచేయడం ఆయన నేర్చుకున్నది ఈ దశలోనే.

దర్శకుడిగా మొదటి సినిమా ఏది? మొత్తం ఎన్ని తీశారు?

మొదటిది 1969లో వచ్చిన 'ఓ! వాట్ ఎ లవ్లీ వార్'. చివరిది 2007 నాటి 'క్లోజింగ్ ద రింగ్'. మొత్తం పన్నెండు. జోన్ లిటిల్‌వుడ్ బృందం ప్రదర్శించిన నాటకం ఆధారంగా తీసిన తొలి చిత్రం, మొదటి ప్రపంచ యుద్ధాన్ని బ్రైటన్ సముద్రతీరంలోని వినోద కేంద్రంలో జరిగే ఆటపాటలుగా చూపుతుంది. లారెన్స్ ఒలీవియర్, జాన్ గీల్గుడ్, మ్యాగీ స్మిత్ వంటి ఉద్దండులు ఒక కొత్త దర్శకుడి కోసం చిన్న చిన్న పాత్రలు వేశారు. చివరి షాట్‌లో తెల్ల దుస్తుల స్త్రీలు పచ్చిక మీద తెల్లని శిలువల మధ్య నడుస్తుంటే, కెమెరా పైకి లేచి వెనక్కి జరిగే కొద్దీ శిలువలు వందలు, వేలు అవుతూ తెరంతా నిండిపోతాయి. మాటలేమీ ఉండవు, సైనికుల పాట మాత్రం వినిపిస్తుంటుంది.

'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' అంత భారీగా తీయడం ఎలా సాధ్యమైంది?

1977లో వచ్చిన ఈ చిత్రం, 1944 సెప్టెంబరులో హాలండ్‌లోని ఆర్నెమ్ వంతెనను పట్టుకోవడానికి మిత్రరాజ్యాలు చేసిన విఫల యత్నం గురించినది. నిర్మాత జోసెఫ్ లెవిన్ ధారాళంగా డబ్బు పెట్టారు. షాన్ కానరీ, రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, మైకేల్ కెయిన్, ఆంథనీ హాప్కిన్స్ వంటి డజనుకు పైగా తారలు నటించారు. విజయగాథ కాకుండా ఓటమిని అంత ఖర్చుతో తీయడం సాహసమే. వేలమందిని, విమానాలను, వంతెనలను ఒకే ఫ్రేములో నడిపించే నేర్పు ఆయనకు ఇక్కడ అబ్బింది.

## 'గాంధీ'

'గాంధీ' తీయడానికి ఇరవై ఏళ్లు ఎందుకు పట్టింది?

1962లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో పనిచేసే మోతీలాల్ కొఠారీ అనే గాంధేయవాది ఆయనకు ఫోన్ చేసి, గాంధీ జీవితాన్ని సినిమాగా తీయాలని కోరారు. అప్పటికి అటెన్‌బరో ఒక్క చిత్రానికీ దర్శకత్వం వహించలేదు. కొఠారీ ఇచ్చిన లూయీ ఫిషర్ రాసిన జీవితచరిత్రను చదువుతుండగా, తోటి మనుషులను అవమానించడం వల్ల తమకు గౌరవం దక్కిందని మనుషులు ఎలా భావించగలరో తనకు ఎప్పటికీ అంతుపట్టలేదన్న గాంధీ మాట ఆయనను పట్టేసింది. మరుసటి ఏడాది మౌంట్‌బాటెన్ ద్వారా నెహ్రూను కలిశారు. గాంధీని దేవుణ్ణి చేయవద్దని, లోపాలు కూడా ఉన్న మనిషిగానే చూపమని నెహ్రూ సలహా ఇచ్చారు.

ఆ తర్వాత అన్నీ అడ్డంకులే. 1964లో నెహ్రూ, 1970లో కొఠారీ మరణించారు. ఒకరి తర్వాత ఒకరుగా రచయితలు మారి, చివరికి జాన్ బ్రైలీ స్క్రిప్టు కుదిరింది. పంచె కట్టుకున్న ముసలాయన కథకు జనం వస్తారని ఏ పెద్ద స్టూడియో నమ్మలేదు. ఈ కాలమంతా ఆయన ఒప్పుకున్న అనేక వేషాలు ఈ ప్రయత్నాన్ని బతికించుకోవడానికి చేసినవే. చివరికి 1980 నవంబరు 26న చిత్రీకరణ మొదలైంది. సినిమాను కొఠారీకి, మౌంట్‌బాటెన్‌కు, నెహ్రూకు అంకితమిచ్చారు.

ఆ సినిమాకు భారత ప్రభుత్వం డబ్బు పెట్టిందా?

పెట్టింది. సుమారు 2.2 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో దాదాపు మూడోవంతు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ సమకూర్చింది. ప్రధాని ఇందిరా గాంధీ మద్దతు అందుకు తోడ్పడింది. మన దర్శకులకు దొరకని డబ్బును విదేశీయుడికి ఎలా ఇస్తారని అప్పట్లో దేశంలో తీవ్రంగానే వాదన జరిగింది. ఆ బాధ న్యాయమైనదే. మరోవైపు, ఆ చిత్రం మన సాంకేతిక నిపుణులకు, నటులకు ప్రపంచ వేదికను చూపించిందన్నదీ నిజమే.

అంత్యక్రియల సీన్‌లో నిజంగానే మూడు లక్షల మంది ఉన్నారా?

ఉన్నారు. కంప్యూటర్ మాయాజాలం లేని కాలం అది. గాంధీ అంతిమయాత్ర జరిగి సరిగ్గా 33 ఏళ్లయిన రోజున, 1981 జనవరి 31న ఢిల్లీలో ఆ ఘట్టాన్ని తీశారు. కొందరికి స్వల్ప మొత్తం చెల్లించినా, ఎక్కువ మంది పిలుపు విని స్వచ్ఛందంగా వచ్చారు. పదకొండు కెమెరా బృందాలు ఒక్క ఉదయంలో 20,000 అడుగుల ఫిల్మ్ తీశాయి. తెర మీద మిగిలింది 125 సెకన్లు. అన్ని లక్షల మందిని రప్పించాక ఎక్కువసేపు చూపాలన్న ఆశ ఏ దర్శకుడికైనా కలుగుతుంది. ఆ ఆశను అదుపు చేసుకోవడమే నాకు ఆ ఘట్టంలో అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

బెన్ కింగ్స్‌లీ భారతీయుడా?

ఆయన ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన నటుడు. తండ్రి గుజరాతీ మూలాలున్నవారు. అసలు పేరు కృష్ణ భాంజీ. అప్పటికి రంగస్థలం మీదే పేరున్న ఆయనకు ఈ పాత్ర ఉత్తమ నటుడి ఆస్కార్ తెచ్చిపెట్టింది. కస్తూర్బాగా రోహిణీ హట్టంగడీ, నెహ్రూగా రోషన్ సేఠ్, పటేల్‌గా సయీద్ జాఫ్రీ, జిన్నాగా అలీక్ పదంసీ నటించారు.

ఎన్ని ఆస్కార్లు వచ్చాయి? మనవాళ్లకు ఏమైనా దక్కిందా?

పదకొండు నామినేషన్లకు ఎనిమిది వచ్చాయి. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు పురస్కారాలు రెండూ అటెన్‌బరోవే. దుస్తుల రూపకల్పనకు జాన్ మోలోతో కలిసి అందుకున్న భాను అథయ్యా ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలు. సంగీతానికి రవిశంకర్, జార్జ్ ఫెంటన్ నామినేషన్ పొందారు. రోహిణీ హట్టంగడీకి సహాయ నటిగా బాఫ్టా దక్కింది.

సినిమాలో అంబేడ్కర్ ఎందుకు కనిపించరు? చరిత్రను సరిగ్గా చూపారా?

అంబేడ్కర్, సుభాష్ చంద్రబోస్ ఇద్దరూ ఈ చిత్రంలో లేరు. ఏ మనిషి జీవితాన్నీ ఒక్క కథనంలో ఇమడ్చలేమని చిత్రారంభంలోనే తెర మీద వేశారు, మూడు గంటల పైచిలుకు నిడివిలో అర్ధశతాబ్దాన్ని చెప్పాలంటే కొన్ని వదలక తప్పదు కూడా. అయినా అంబేడ్కర్ లేకపోవడాన్ని నిడివితో సమర్థించలేం. దళితుల రాజకీయ ప్రాతినిధ్యంపై గాంధీ, అంబేడ్కర్‌ల మధ్య కుదిరిన 1932 నాటి పూనా ఒడంబడిక, దాని వెనుక ఉన్న వాదం లేకుండా అస్పృశ్యత గురించి గాంధీ చేసిన ప్రయత్నాలు ఒకవైపు నుంచే కనిపిస్తాయి. జలియన్‌వాలా బాగ్, ఉప్పు సత్యాగ్రహ ఘట్టాలు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. ధరాసనలో సత్యాగ్రహులు వరుస తర్వాత వరుసగా ముందుకు నడిచి, చేయెత్తకుండా లాఠీ దెబ్బలు తిని పడిపోవడం చూస్తే అహింస ఎంత కష్టమైన పనో అర్థమవుతుంది.

తెలుగు 'గాంధీ'లో గాంధీకి గొంతు ఇచ్చింది ఎవరు?

గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. తెలుగు అనువాదంలో బెన్ కింగ్స్‌లీకి ఆయనే డబ్బింగ్ చెప్పారు.

## 'గాంధీ' తర్వాత

ఆ తర్వాత అంతటి సినిమా మళ్లీ ఎందుకు తీయలేదు?

అంతటి పురస్కారాలు మళ్లీ రాలేదన్నది నిజం. మంచి సినిమాలు రాలేదన్నది మాత్రం నిజం కాదు. 1985 నాటి 'ఎ కోరస్ లైన్' నిరాశపరిచింది. ఆ సంగీత నాటకం ఆయన స్వభావానికి సరిపోయేది కాదు. 1987లో దక్షిణాఫ్రికా ఉద్యమకారుడు స్టీవ్ బీకో గురించి 'క్రై ఫ్రీడమ్' తీశారు. బీకోగా డెంజెల్ వాషింగ్టన్ అద్భుతంగా నటించినా, కథ సగం నుంచి తెల్లజాతి పాత్రికేయుడు డొనాల్డ్ వుడ్స్ మీదికి మళ్లిందన్న విమర్శ సరైనదే. 1992 నాటి 'చాప్లిన్' ఒక జీవితంలోని సంఘటనలన్నిటినీ చెప్పాలన్న తొందరలో పడినా, రాబర్ట్ డౌనీ జూనియర్‌ను గొప్ప నటుడిగా నిలబెట్టింది.

1993 నాటి 'షాడోలాండ్స్' మాత్రం ప్రత్యేకం. రచయిత సి.ఎస్. లూయిస్, కేన్సర్‌తో చనిపోతున్న ఆయన భార్య కథ ఇది. జనసమూహాలు, గుర్రాలు, యుద్ధాలు లేకుండా ఇద్దరు మనుషులు, నాలుగు గదులతో ఆయన తీసిన ఈ చిత్రంలో ఆంథనీ హాప్కిన్స్ ఒక పిల్లవాడి పక్కన కూర్చుని ఏడ్చే ఘట్టం ఉంది. దర్శకుడు నటుడైతే, కెమెరా ఎక్కడ కదలకుండా ఆగాలో ఎలా తెలుస్తుందో అక్కడ చూడవచ్చు.

'జురాసిక్ పార్క్' తాతయ్య ఆయనేనా?

ఆయనే. 1979 తర్వాత నటనకు దూరంగా ఉన్న ఆయనను స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1993లో పార్కు యజమాని జాన్ హామండ్ పాత్రతో తిరిగి తెరమీదికి తెచ్చారు. 1983 ఆస్కార్లలో 'గాంధీ'కి గట్టి పోటీ ఇచ్చినది స్పీల్‌బర్గ్ తీసిన 'ఇ.టి.'యే. పార్కు చేయి దాటిపోయాక, ఖాళీ భోజనశాలలో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ ముందు కూర్చుని, తాను తొలినాళ్లలో నడిపిన గోమార్ల సర్కస్ గురించి హామండ్ చెప్పే సన్నివేశం ఆ రాక్షసబల్లుల సినిమాకు మానవీయతను తెచ్చింది. 1998లో మన శేఖర్ కపూర్ తీసిన 'ఎలిజబెత్'లో మంత్రి విలియం సెసిల్‌గానూ నటించారు.

ఆయనను సర్ అనాలా, లార్డ్ అనాలా?

1976లో నైట్‌హుడ్ రావడంతో సర్ అయ్యారు. 1993లో జీవితకాల ప్రభువు హోదా పొంది లార్డ్ అటెన్‌బరోగా బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో లేబర్ పార్టీ తరఫున కూర్చున్నారు. భారత ప్రభుత్వం 1983లో పద్మభూషణ్‌తో సత్కరించింది. సన్నిహితులకు మాత్రం ఆయన ఎప్పుడూ డికీయే.

సునామీలో కుటుంబ సభ్యులను కోల్పోయారన్నది నిజమేనా?

నిజం. 2004 డిసెంబరు 26న థాయిలాండ్ తీరంలో పెద్ద కుమార్తెను, పదిహేనేళ్ల మనుమరాలిని, కుమార్తె అత్తగారిని ఆయన కోల్పోయారు. ఆ తర్వాత ఆయన తీసిన ఒకే ఒక్క చిత్రం 'క్లోజింగ్ ద రింగ్'.

చివరి రోజులు ఎలా గడిచాయి?

2008లో పక్షవాతం వచ్చింది, అదే ఏడాది చివర ఇంట్లో జారిపడ్డాక చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. 2013లో, అప్పటికే మతిమరుపు వ్యాధితో భార్య షీలా ఉంటున్న లండన్‌లోని వృద్ధ నటుల ఆశ్రమం డెన్విల్ హాల్‌కు ఆయనా చేరారు. తొంభై ఒకటో పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు, 2014 ఆగస్టు 24న కన్నుమూశారు. రిచ్‌మండ్‌లోని సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చిలో, కుమార్తె, మనుమరాలి పక్కనే ఆయన చితాభస్మాన్ని ఉంచారు.